నాకు తెలియదని ధ్రువీకరిస్తున్నాను

నందిగట్ల పురపాలక సంఘం వారు వివక్షను రద్దుచేసింది మే నెల మూడో గురువారం, మధ్యాహ్నం పన్నెండూ నలభై ఐదుకూ పన్నెండూ నలభై తొమ్మిదికీ మధ్య. ఆనాటి అజెండాలో అది పదిహేడో అంశం. పదహారోది వీధికుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు. పద్దెనిమిదోది భోజనం.

కమిషనర్ చక్రధర్ గారు లేచి కాగితం చదివారు. పురపాలక ఉద్యోగులలో ఎవరినీ వారు ఎవరిని ప్రేమించారన్న కారణంచేత గాని, తమను ఆడ అనుకున్నారా మగ అనుకున్నారా అన్న కారణంచేత గాని, నియామకంలో, బదిలీలో, పదోన్నతిలో, తదితర వ్యవహారాల్లో వివక్షకు గురిచేయరాదు. పదకొండో వార్డు సభ్యుడు నిలబడి, దీనివల్ల తన వార్డులో కాలువ పూడిక పనులేమైనా ఆగుతాయా అని అడిగాడు. ఆగవని కమిషనర్ గారు సభాముఖంగా హామీ ఇచ్చారు.

"అయితే నాకేటి అభ్యంతరం?" అని ఆయన కూర్చున్నాడు. చైర్‌పర్సన్ రమణమ్మ గారు బల్ల చరిచారు. ఏకగ్రీవం.

ఆ నియమావళిలో వంక పెట్టడానికేమీ లేదు. జిల్లా కేంద్రంలో లా పాఠాలు చెప్పే ఒకావిడ మూడు నెలలు కూర్చుని, ఒక్కో వాక్యాన్నీ కొట్టేసి తిరగరాసి తయారుచేసింది. ఇబ్బందల్లా దాన్ని అమలు చేయవలసింది మున్సిపల్ ఆఫీసు కావడమే. ఆ ఏడు రాష్ట్ర ప్రభుత్వం వారు కొత్తగా 'ఆదర్శ సమ్మిళిత పట్టణం' అవార్డు పెట్టారు. వంద మార్కులు. ఇటువంటి నియమావళి ఉంటే పది, అది పనిచేస్తున్నట్టు చూపిస్తే మరో పది. కమిషనర్ గారు కూడిక చేసి చూసుకున్నారు.

నియమావళి నకలు పట్టణానికి పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో ఏటిగట్టున ఉన్న పంపుహౌస్‌కు చేరడానికి తొమ్మిది రోజులు పట్టింది. అక్కడ దాన్ని చదివినవాడు కూర్మారావు. జూనియర్ అసిస్టెంటు. వయసు నలభై ఒకటి. మనిషి నెమ్మదస్తుడు. లాగ్‌బుక్కులో అంకె తప్పుపడితే కొట్టేయకుండా, పక్కన 'క్షమించాలి' అని రాసి సరైన అంకె వేసే రకం.

రెండేళ్ల కిందటి దాకా అతను ఆఫీసులోనే, కుళాయి కనెక్షన్ల కౌంటరులో కూర్చునేవాడు. ఆర్టీసీ డిపోలో మెకానిక్కు ఢిల్లేశ్వరరావుతో కొత్తవీధిలో రెండు గదుల వాటాలో కాపురం. కాపురమనే మాట మాత్రం ఎవరూ అనేవారు కాదు. ఆఫీసులో 'రూమ్మేటు' అనేవారు. నలభైకి దగ్గరపడిన ఇద్దరు ఉద్యోగస్థులకు ఏడేళ్లుగా ఒకే రూమ్మేటు ఎందుకో ఎవరూ అడగలేదు. ఆ అడగకపోవడంలో కాస్త మర్యాదా ఉంది, కాస్త వెటకారమూ ఉంది.

అలాంటి రోజుల్లో ఒకనాడు ఆఫీసు మేనేజరు విశ్వనాథం గారు అతన్ని పిలిచి, పంపుహౌస్ డ్యూటీ వేశామన్నారు. అక్కడివాళ్లు అక్కడి క్వార్టరులోనే ఉండాలి. వారానికి ఆదివారమొక్కటే సెలవు.

"నీకేమిటోయ్, పెళ్లామా, పిల్లలా?" అన్నారాయన. తర్వాత గొంతు తగ్గించి, "పైగా కౌంటరన్నాక నలుగురూ వస్తారు. అలాంటివాడు ఎదురుగా కూర్చుంటే బాగుండదని పైనుంచి అభిప్రాయం" అన్నారు.

కూర్మారావు పైకి చూశాడు. ఫ్యాను తప్ప ఎవరూ కనిపించలేదు.

ఏడాది గడిచింది. రెండో ఏడూ గడవవచ్చింది. ఇద్దరికీ ఆదివారాలే మిగిలాయి. నిరుడు వానాకాలంలో ఢిల్లేశ్వరరావుకు పచ్చకామెర్లు వస్తే కూర్మారావు పదిరోజుల సెలవు అడిగాడు. రూమ్మేటు కుటుంబసభ్యుల నిర్వచనంలోకి రాడని సెలవు చీటీ తిరిగొచ్చింది. ఆ పదిరోజులూ ఇంటావిడ వరహాలమ్మ మజ్జిగన్నం పెట్టింది. కూర్మారావు ఏటిగట్టున కూర్చుని, నీళ్ల మట్టం గంటకోసారి రాసుకుంటూ, మధ్యమధ్య ఫోను చేసి, కళ్లు ఏ రంగులో ఉన్నాయో అడిగేవాడు.

ఆ ఆదివారం అతను నియమావళి ఇంటికి తెచ్చాడు. ఢిల్లేశ్వరరావు గ్రీజు వదలని వేళ్లతో అంచులు పట్టుకుని పూర్తిగా చదివాడు.

"ఇదేటి, మనకోసమే రాసినట్టున్నాది?"

"మనకోసం కాదు. అందరికోసం."

"అందరిలో మనం లేమేటి? రాయ్, కాగితం రాయ్. ఆఫీసుకి ఏసీమని రాయ్."

"రాస్తే అందరికీ తెలుస్తుంది."

"తెలీనోడెవడు? మీ ఆఫీసు గోడగడియారానికి కూడా తెలుసు. నాను పసుపు పచ్చగా పడున్నప్పుడు నువ్వు ఫోన్లో ఏడిసినావు. మళ్లీ అలగ ఏడవాలనున్నాదేటి నీకు?"

కూర్మారావుకు లేదు. ఒక పేజీ రాశాడు. అందులో 'క్షమించాలి' అని రెండుచోట్ల వచ్చింది. ఢిల్లేశ్వరరావు ఆ రెండూ కొట్టించాడు.

సోమవారం ఉదయం విశ్వనాథం గారు ఆ పేజీ చదివి కుర్చీలోంచి లేచి కరచాలనం చేశారు.

"శుభం! మొట్టమొదటి లబ్ధిదారుడివి నువ్వే. కమిషనర్ గారు ఎంత సంతోషిస్తారో! పదిరోజులుగా ఒక్కడూ ముందుకు రాలేదయ్యా, ఈ ఊళ్లో వివక్షే లేదేమోనని హడలిపోయాం." అని సొరుగులోంచి ఒక ఫారం తీశారు. "ఇది నమూనా ఒకటి. అర్హత ధ్రువీకరణ. నువ్వు సదరు వర్గానికి చెందినవాడివని రుజువేదీ?"

"సార్, అలాంటివాడినని మీరే కదా నన్ను పంపుహౌస్‌కు పంపింది?"

"అప్పుడు నాకు తెలుసు. ఇప్పుడు ఆఫీసుకు తెలియాలి. నాకు తెలియడం వేరు, ఫైలుకు తెలియడం వేరు."

"మీరు చెబితే ఫైలుకు తెలుస్తుంది కదా సార్?"

"నేను చెబితే వివక్ష చూపినవాణ్ణి నేనవుతాను. అందుచేత నాకు తెలియదు. కానియ్, నింపు."

ఆ ఫారం కుల ధ్రువీకరణ ఫారంలో కులమన్న మాట కొట్టేసి తయారుచేసిందని చూడగానే తెలుస్తోంది. సదరు స్థితి ఏ తేదీ నుంచి? పుట్టుకతోనా, తదుపరి సంభవించినదా? తండ్రిగారు కూడా ఇదే వర్గమునకు చెందినవారా? అయినచో వారి పత్రం నకలు జతచేయవలెను. పుట్టుమచ్చలు.

"మా నాన్న పోస్టుమాన్ సార్. మేం ఏడుగురం పిల్లలం."

"అయితే 'కాదు' అని రాయి. పుట్టుమచ్చలు మాత్రం రెండూ రాయి, ఆడిట్ వాళ్లు పట్టుకుంటారు."

తర్వాతి ఆదివారం స్థానిక విచారణకు రెవెన్యూ ఇన్‌స్పెక్టరు మోటారుసైకిలు మీద కొత్తవీధికి వచ్చాడు. నీళ్లు పట్టుకుంటున్న ఆడవాళ్లు బిందెలు అక్కడే వదిలేసి చుట్టూ చేరారు. ఇన్‌స్పెక్టరు అరుగుమీద కూర్చుని, అట్టకు కాగితం తగిలించి, ఇంటావిడ వరహాలమ్మను అడిగాడు.

"ఈ ఇరువురూ ఏ విధంగా జీవిస్తున్నారు?"

"ఏ విధంగానేటి బాబూ? పులుసులో ఉప్పెక్కువైందని ఒకడు, తక్కువైందని ఒకడు. తడితువ్వాలు మంచంమీద పడేసినావని ఒకడు, నీ సొమ్మేం పోనాదని ఒకడు. ఆదివారమొస్తే నా ఇంట్లోకి ఇనబడతాది. మా ఆయన బతికున్నప్పుడు మేవూ ఇంతే."

"అనగా, ప్రేమగానే ఉంటారా?"

"ఇప్పుడు సెప్పిందేటి మరి?"

ఇన్‌స్పెక్టరు తల ఊపి ఆఫీసు భాషలో రాసుకున్నాడు. 'సదరు ఇరువురు తొమ్మిది సంవత్సరములుగా ఒకే పొయ్యిపై వండుకొని తినుచు, ఒకరి మంచిచెడ్డలు మరొకరు చూచుకొనుచు, కుటుంబముగా జీవించుచున్నారని స్థానిక విచారణలో తేలినది.' వరహాలమ్మ సంతకం చేసింది. చుట్టూ చేరినవాళ్లలో ఇద్దరు అడగకుండానే చేశారు.

ఢిల్లేశ్వరరావు ఆ కాగితం అడిగి తీసుకుని రెండుసార్లు చదివాడు. ఫోన్లో ఫోటో తీసుకున్నాడు. కాగితం తిరిగిచ్చేసి ఫోన్లోకే చూస్తూ నిలబడ్డాడు.

"ఏమైంది?" అన్నాడు కూర్మారావు.

"ఏటీ లేదు. కుటుంబమని రాసినాడు. మనగురించి ఎవరూ ఎక్కడా అలగ రాయలేదు గదా ఇప్పటిదాకా."

ఇంతవరకూ బాగానే నడిచింది. చిక్కు తొమ్మిదో నియమం దగ్గర వచ్చింది. ఫిర్యాదు చేసిన ఉద్యోగి వివరాలు గోప్యంగా ఉంచాలని ఆ నియమం. గోప్యత అమలుమీద కమిషనర్ గారు శాఖాధిపతుల సమావేశం పెట్టారు.

"గోప్యత అంటే ఏమిటి?" అని ప్రశ్నించి ఆయనే జవాబు చెప్పారు. "ఎవరికీ తెలియకుండా ఉండటం. ఎవరికీ తెలియదని మనకు ఎలా తెలుస్తుంది? వాళ్లు రాసిస్తే తెలుస్తుంది. నూట ఎనభై మూడుమంది సిబ్బందీ రాసివ్వాలి. ఒక్కరు మిగిలినా గోప్యత అసంపూర్ణం."

ఆ సాయంత్రానికల్లా 'అత్యంత గోప్యం' అని ఎర్రసిరా ముద్ర వేసిన రిజిస్టరు తయారైంది. మొదటి పేజీలో ఇలా ఉంది: 'పంపుహౌస్ జూనియర్ అసిస్టెంటు శ్రీ కూర్మారావు, డిపో మెకానిక్ శ్రీ ఢిల్లేశ్వరరావుతో తొమ్మిది సంవత్సరములుగా కలిసి జీవించుచున్న స్వలింగ ప్రేమికుడన్న విషయము నాకు తెలియదని ఇందుమూలముగా ధ్రువీకరిస్తున్నాను.' కింద వరసగా గళ్లు. మొదటి గడిలో కమిషనర్ గారి సంతకం, రెండో గడిలో విశ్వనాథం గారిది.

రిజిస్టరు రెండు రోజులు ఆఫీసంతా తిరిగింది. మలేరియా విభాగంలో సన్యాసిరావు అనే ఫీల్డు అసిస్టెంటు మాత్రం సంతకం చేయలేదు. తనకు ఆరేళ్లుగా తెలుసుననీ, తెలియదని రాస్తే అబద్ధమవుతుందనీ అన్నాడు. పై అధికారి అనుమతి లేకుండా సదరు విషయము తెలిసియున్నందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని అతనికి మెమో వచ్చింది. సెలవులో ఉన్న పద్నాలుగుమంది కోసం మొదటి పేజీ జెరాక్సు తీసి నోటీసుబోర్డుకు అంటించారు. కుళాయి కనెక్షన్ల కోసం వచ్చినవాళ్లు వరస కదిలేలోపల చదువుకోవడానికి వీలుగా, ఆ బోర్డు కౌంటరు పక్కనే ఉంది.

మూడోరోజు క్లోరిన్ కావాలన్న ఇండెంటు ఇచ్చే పని మీద కూర్మారావు ఆఫీసుకు వచ్చాడు. అతను గేటు దాటగానే మాటలు ఆగిపోయాయి. ఇద్దరు గుమాస్తాలు అతన్ని చూసి, తమకు తెలియదన్నట్టు శ్రద్ధగా కిటికీలోంచి బయటికి చూశారు. ఒకతను వచ్చి భుజంతట్టి, "నాకు తెలియదు గురూ, ఏమీ అనుకోకు" అన్నాడు. నోటీసుబోర్డు దగ్గర ఒక ముసలాయన కళ్లజోడు సవరించుకుంటూ పైకే చదువుతున్నాడు. కూర్మారావు కాళ్లు తమంతట తామే నడిచి అతన్ని ఆఫీసు వెనక చెత్తబళ్ల షెడ్డులోకి తీసుకుపోయాయి. అక్కడ చక్రం ఊడిన బండి మీద కూర్చుండిపోయాడు. తొమ్మిదేళ్లు జాగ్రత్తగా మూసిపెట్టుకున్న తలుపు. వాళ్లు దాన్ని కాపలా కాస్తామని చెప్పి రెక్కలు ఊడబీకి పట్టుకుపోయినట్టనిపించింది.

అటెండరు అసిరమ్మ గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. రిజిస్టరు మోసుకుని తిరిగింది ఆవిడే.

"బాబూ, నాకు తెల్దని ఏలిముద్ర ఎయ్యమన్నారు. ఏటి తెల్దో తెలిస్తే గదా ఎయ్యడానికి? అడిగినాను. సదివి ఇనిపించినారు. ఇన్నాక తెలిసిపోనాది. తెలిసిపోనాక తెల్దని ఎలగెయ్యాలి?"

"మరేం చేశావు?"

"ఏసీసినాను. ఉజ్జోగం గదా." గ్లాసు తీసుకుని రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "ఇంతకీ ఆ బాబుకి పచ్చకామెర్లు పూర్తిగా తగ్గినాయా? నూనె ఎక్కువ తిననియ్యకు."

పదిరోజులకు విచారణ సంఘం తీర్పు వచ్చింది. విశ్వనాథం గారు కూర్మారావును పిలిపించి, ఈసారి రెండు చేతులతోనూ కరచాలనం చేశారు.

"నీ ఫిర్యాదు అక్షరాలా నిజమని తేలింది. నీ మీద ఘోరమైన వివక్ష జరిగింది. అభినందనలు."

"అయితే రేపట్నుంచి ఆఫీసుకు వచ్చేయనా సార్?"

"అదే కుదరదు. పన్నెండో నియమం చూడు. ఫిర్యాదు చేసిన ఉద్యోగిని కక్షసాధింపుగా బదిలీ చేయరాదు."

"కక్షసాధింపుగా కదా సార్ చేయకూడనిది? ఇది నేనే అడుగుతున్నాను."

"ఒక బదిలీలో కక్ష ఉందో లేదో ఎవరు తేలుస్తారయ్యా? అసలు కదపకుండా ఉంచేస్తే ఏ గొడవా లేదు. నువ్విప్పుడు సంపూర్ణ రక్షణలో ఉన్నావు. నిన్ను ఆ పంపుహౌస్ నుంచి ఎవ్వడూ, ఆఖరికి కమిషనర్ గారు కూడా, అంగుళం కదిలించలేరు."

"పోనీ, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను."

"అప్పుడు వివక్ష జరగనట్టే కదా. జరగనప్పుడు బదిలీ దేనికి?" విశ్వనాథం గారు తలుపు వైపు చూసి ముందుకు వంగారు. "నీకు నిజం చెబుతాను. వచ్చేవారం అవార్డు బృందం వస్తోంది. వాళ్లకు ప్రాణంతో ఉన్న కేసు ఒకటి చూపించాలి. పరిష్కారమైతే ఫైలు మూసేయాలి, మూసేస్తే పది మార్కులు పోతాయి. ఊరికోసం ఆమాత్రం ఓర్చుకోలేవూ?"

మర్నాడు పంపుహౌస్‌కు లారీలో ఒక ఇనుప బోర్డు వచ్చింది. 'ఇది వివక్షారహిత ప్రాంతము.' దాన్ని కూర్మారావు క్వార్టరు ఎదుట పాతారు. చుట్టుపక్కల రెండు కిలోమీటర్ల మేర అతను తప్ప మనుషులెవరూ లేరు కాబట్టి, ఆ ప్రకటన పూర్తిగా నిజం.

ఆదివారం ఈ సంగతి విని ఢిల్లేశ్వరరావు పెద్ద పానా తీశాడు.

"నడు. ఆ బోర్డు పీకీసి మీ మేనేజరు గుమ్మంలో పాతీసి వస్తాను."

"ప్రభుత్వ ఆస్తి. కేసు పెడతారు."

"మరేటి సేస్తావు? అక్కడే ముసలాడివైపోతావా?"

కూర్మారావు జేబులోంచి ఒక మడత కాగితం తీశాడు. పంపుహౌస్ గోడకు ఒక చెదలుపట్టిన ఫ్రేము ఉంది. ఎప్పుడో పనిచేసిన ఇంజనీరు రాయించిన డ్యూటీ నిబంధనలు అందులో ఉన్నాయి. రెండేళ్లుగా దానికింద కూర్చుని అన్నం తింటున్నాడు కానీ అతనెప్పుడూ దాన్ని పూర్తిగా చదవలేదు. ఈ వారం వేరే పనిలేక చదివి, నాలుగో అంశం ఎత్తి రాసుకున్నాడు.

"నీ ఫోన్లో ఆ విచారణ కాగితం ఫోటో ఉంది కదా, ఒకసారి చూపించు" అన్నాడు.

ఢిల్లేశ్వరరావు చూపించాడు. కూర్మారావు రెండూ పక్కపక్కన పెట్టుకుని మూడుసార్లు చదివాడు. ఢిల్లేశ్వరరావు పానా కింద పెట్టాడు.

అవార్డు బృందం వచ్చిన రోజున ఆఫీసు పెళ్లివారి ఇల్లులా ఉంది. ముగ్గురు సభ్యులు. పెద్దగా వచ్చినావిడ వసుంధరాదేవి గారు, కలెక్టరుగా చేసి రిటైరైన మనిషి. పంపుహౌస్‌కు కమిషనర్ గారి కారే వెళ్లి కూర్మారావును తీసుకొచ్చింది. సమావేశమందిరంలో 'వివక్షకు గురైన ఉద్యోగికి ఘనసన్మానం' అని బ్యానరు కట్టారు. అతని మెడలో దండ వేశారు. దుశ్శాలువా కప్పారు. జూన్ నెల, ఫ్యాను అతని వైపు తిరగడంలేదు.

చైర్‌పర్సన్ రమణమ్మ గారు రాసిచ్చిన ఉపన్యాసం చదివి, చివర్లో సొంతంగా, "ఇలాంటి బాధితులు మన పట్టణంలో ఇంకా ఎంతోమంది తయారుకావాలని మనసారా కోరుకుంటన్నాను" అన్నారు. చప్పట్లు మోగాయి. కమిషనర్ గారు మైకందుకున్నారు.

"గౌరవనీయులైన సభ్యులారా, ఈ ఉద్యోగి విషయం మా కార్యాలయంలో ఏ ఒక్కరికీ తెలియదని సంతకాలతో సహా నిరూపించగలం. ఇంతటి గోప్యత దేశంలో మరే పురపాలక సంఘంలోనూ ఉండదని మనవి చేస్తున్నాను. ఇప్పుడు శ్రీ కూర్మారావు రెండు కృతజ్ఞతా వాక్యాలు మాట్లాడతారు."

కూర్మారావు లేచాడు. వెనక వరసలో, డిపో యూనిఫారంలోనే వచ్చి కూర్చున్న ఢిల్లేశ్వరరావు కనిపించాడు. అతను కానీయ్ అన్నట్టు గడ్డం ఎగరేశాడు.

"నేను వివక్ష గురించి మాట్లాడనండి" అన్నాడు కూర్మారావు. "నీటి సరఫరా విభాగం డ్యూటీ నిబంధన ఒకటి చదువుతాను. నాలుగో అంశం. కుటుంబము కలిగిన ఉద్యోగిని పంపుహౌసునందు ఏడాదికి మించి ఉంచరాదు. కుటుంబము అనగా ఒకే పొయ్యిపై వండుకొని తినువారు. ఇంతేనండి. నేనక్కడికి వెళ్లి రెండేళ్లవుతోంది. నాకు కుటుంబం ఉందని ఆఫీసువారే రాశారు. ఆ కాగితం నా ఫైల్లోనే ఉంది."

మందిరంలో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. వసుంధరాదేవి గారు చేయిచాపి ఫైలు తెప్పించుకున్నారు. విచారణ నివేదిక చదివారు. కింద 'సరిచూడబడినది' అన్నచోట వేలు పెట్టారు.

"విశ్వనాథం గారూ, ఈ సంతకం మీదేనా?"

"నాదే మేడమ్."

"అయితే ఇతనికి కుటుంబం ఉందని మీరు ధ్రువీకరించారు. రెండో ఏడు అక్కడ ఎందుకు ఉంచారు?"

"అంటే మేడమ్... ఆ కుటుంబం సంగతి... నాకు తెలియదు మేడమ్. తెలియదని రిజిస్టరులో సంతకం చేశాను."

ఆవిడ రిజిస్టరూ తెప్పించుకున్నారు. రెండూ ఎదురెదురుగా పెట్టారు. "తెలుసునని ఒక సంతకం, తెలియదని ఒక సంతకం. ఇందులో ఏది మీరు?"

విశ్వనాథం గారు రెండింటినీ మార్చిమార్చి చూశారు. "రెండూ నేనే మేడమ్" అన్నారు చివరికి. "వేర్వేరు ఫైళ్లు కదా."

ఆ మధ్యాహ్నమే కూర్మారావుకు ఆర్డరు చేతికి వచ్చింది. పన్నెండో నియమం అడ్డం రాలేదు. ఇది బదిలీ కాదు, డ్యూటీ కాలపరిమితి ముగియడం మాత్రమే అని కమిషనర్ గారు స్వహస్తాలతో రాశారు. అలా రాస్తే ఫిర్యాదు పరిష్కారమైనట్టు కాదని ఆయన అప్పటికే లెక్కవేసుకున్నారు. మనిషి కదిలాడు, ఫైలు కదలలేదు. పది మార్కులూ దక్కాయి. నందిగట్లకు రాష్ట్రంలో మూడో బహుమతి వచ్చింది. కమిషనర్ గారి ఫోటో పేపర్లో పడింది. నోటీసుబోర్డు మీది కాగితం మాత్రం ఎవరూ తీయలేదు. ఒకరోజు కూర్మారావే వెళ్లి చించేశాడు. వరసలో ఉన్నవాళ్లు చూశారు. ఒకావిడ జరిగి దారిచ్చింది.

ఇప్పుడు సాయంత్రం ఆరింటికల్లా అతను ఇంట్లో ఉంటున్నాడు. మొదటివారం ఇద్దరూ కొత్తవాళ్లలా మర్యాదగా తిరిగారు. రెండోవారం ఉప్పు గురించి మొదలైంది. ఆదివారం దాకా ఆగవలసిన పని లేకపోవడంతో దెబ్బలాటలు చిన్నవైపోయాయని వరహాలమ్మ గమనించి, రెండిళ్లకు చెప్పింది.

బహుమతి వచ్చాక కమిషనర్ గారు ఆఫీసులో 'వివక్షా నివారణ విభాగం' తెరిచారు. అనుభవజ్ఞుడు ఒక్కడే కావడంచేత కూర్మారావును దానికి గుమాస్తాను చేశారు. మెట్లకింద ఒక బల్ల, ఒక కుర్చీ, నమూనా ఒకటి ఫారాలు వెయ్యి. నెలరోజులు ఎవరూ రాలేదు. ఆ రిజిస్టరు ఊళ్లో అందరికీ గుర్తుంది మరి.

శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం ఒకమ్మాయి వచ్చి బల్ల ముందు నిలబడింది. పాతికేళ్లుంటాయి. పేరు గౌరీశ్వరి. చెత్త సేకరించే ఆటో నడిపేది. ఈమధ్య స్టీరింగు తీసేసుకుని చీపురు ఇచ్చారు. ఎందుకంటే, తనతో ఉండే అమ్మాయిని ఒకరోజు ఆటోలో పక్కన కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లిందట. మనిషిని ఎక్కించుకున్నందుకు కాదట. ఆ మనిషి తనకేమవుతుందని సూపర్‌వైజరు అడిగితే నిజం చెప్పినందుకట.

"నాకు బండి కావాలండి" అంది. "నాను బాగా నడుపుతాను. రివర్సులో కూడా."

"కూర్చో అమ్మా" అని కూర్మారావు తన కుర్చీ ఇచ్చాడు. ఆమెను పుట్టుమచ్చలు అడగలేదు. తేదీలు అడగలేదు. ఆమె చెప్పిందంతా చెప్పినట్టే రాసుకున్నాడు. 'సదరు వర్గమునకు చెందినట్లు రుజువు' అన్న గడి దగ్గర కాసేపు కలం ఆపాడు. తర్వాత 'ఆమె చెప్పింది. నేను విన్నాను.' అని రాసి సంతకం చేశాడు.

నాలుగో రోజున ఫైలు తిరిగొచ్చింది. మార్జిన్‌లో విశ్వనాథం గారి దస్తూరీ: 'విన్నట్లు రుజువు జతచేయవలెను.'

కూర్మారావు ఆ మాట చదివి ఫైలు మూశాడు. వీధి ఊడుస్తున్న గౌరీశ్వరి కోసం అసిరమ్మను పంపించాడు. ఆమె రాగానే ముగ్గురూ కలిసి మేడమెట్లెక్కారు. అతను అనుమతి అడగకుండా మేనేజరు గది తలుపు తీయడం పద్దెనిమిదేళ్ల సర్వీసులో అదే మొదటిసారి.

"ఏమిటోయ్ ఇది, మందితో సహా?" అన్నారు విశ్వనాథం గారు.

"రుజువు తెచ్చాను సార్" అంటూ కూర్మారావు ఫైలు విప్పి, సాక్షి సంతకం గడి దగ్గర కలం పెట్టి ఆయన ముందుకు జరిపాడు. అసిరమ్మ తలుపు వేసి, దానికి ఆనుకుని నిలబడింది. "చెప్పమ్మా గౌరీ. నెమ్మదిగా చెప్పు. సార్ కూడా వింటారు."

గౌరీశ్వరి చీపురు గోడకు ఆనించి, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. వినకుండా ఉండటానికి వీలిచ్చే నియమం ఒక్కటైనా ఉండకపోతుందా అని విశ్వనాథం గారు బల్లమీది నియమావళి పుస్తకం చివరిపేజీ దాకా తిరగేశారు. లేదు.